మందు మానేయడమే విశ్వాసమా?



స్వస్థతను గూర్చిన సాక్ష్యాలు మన సంఘాలకు బలం. అయితే వాటిలో ఒక మాట మమ్మల్ని కలవరపెడుతోంది. "ప్రార్థన చేయించుకున్నాను, ఆ రోజునుండే మందులు మానేశాను." ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంక గ్రామాల్లోనైనా ఈ మాటకు 'ఆమేన్' గట్టిగా వినిపిస్తుంది. "ప్రార్థన చేసుకుంటూ ఆరు నెలలు మాత్రలు వేసుకున్నాను, నయమైంది" అన్నవారికి అంత గట్టిగా వినబడదు. ఎందుకని?

క్షయ సంగతి చూడండి. మామూలు క్షయకు ఆరు నెలల మందులు. కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. క్రిములు మాత్రం లోపల ఇంకా బ్రతికే ఉంటాయి. అప్పుడు మానేస్తే మిగిలినవి మందులకు లొంగని మొండి క్రిములై ఇంట్లో పసిపిల్లలకూ అంటుకోవచ్చు. బి.పి. మాత్రలు మానినవారికి చాలాసార్లు ఏ బాధా తెలియదు. తెలిసేసరికి పక్షవాతం.

మానేసినవారందరూ గర్వంతోనే మానారని మేము అనడం లేదు. కడుపులో తిప్పడం, కూలి పోతుందనే భయం, బస్సు ఛార్జీలు, ఇలా కారణాలెన్నో. వారికి కావలసింది గద్దింపు కాదు, సహాయం. మేము చెప్పేది వేరొక కారణం గురించి. పదిమందిలో లేచి నిలబడి, పొరుగువాని కంటె నా విశ్వాసం గొప్పదని చూపించుకోవాలనే ఆశ. అది భక్తి ముసుగులో వస్తుంది గనుక గుర్తుపట్టడం కష్టం. (రోగుల మంచాల దగ్గర రొట్టెలు పంచుతూ ఫోటోలు తీయించుకునేవారి సంగతి మరోసారి రాస్తాము.)

రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయంలో నయమాను కుష్ఠుతో ఎలీషా గుమ్మం ముందుకు వచ్చాడు. ప్రవక్త స్వయంగా బయటికి వచ్చి, తన మీద చెయ్యి ఆడించి బాగుచేస్తాడనుకున్నాడు. ప్రవక్త ఒక మనిషిని పంపి, యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడు. నయమానుకు కోపం వచ్చి తిరిగి వెళ్లిపోబోయాడు. పనివాళ్లు నచ్చజెప్పితే దిగాడు, ఏడుసార్లూ మునిగాడు. రోజూ మాత్ర మింగడం కూడా అటువంటి చిన్న పనే. చూసేవారికి అందులో గొప్ప ఏమీ కనబడదు.

గర్వం స్వస్థతను కూడా తన ఖాతాలో వేసుకుంటుంది. 2020 డిసెంబరు 5 నుండి ఏలూరులో జరిగినది ఎవరూ మరువలేరు. ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి మనుషులు పడిపోయారు. ఆరు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. రోగుల రక్తంలో సీసము, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఎక్కువమంది త్వరగానే తేరుకుని ఇళ్లకు వెళ్లారు. పడినవారికి భక్తి తక్కువనీ, పడనివారికి ఎక్కువనీ ఎవరు లెక్క కట్టగలరు? తేరుకున్నవారు దేవుణ్ణి స్తుతించవలసిందే. ఆ స్తుతిలో 'నా ఉపవాసం, నా ప్రార్థన' అని ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూసుకోవాలి.

పశ్చాత్తాపం అంటే ఇక్కడ కన్నీళ్లు ఒక్కటే కాదు. మందు మానేసినవారు పాత చీటీ, మిగిలిన మాత్రలు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. తమంతట తాము మళ్లీ మొదలుపెట్టకూడదు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఏ సంఘంలో 'మానేశాను' అన్నారో అదే సంఘంలో 'మళ్లీ వేసుకుంటున్నాను' అని చెప్పడం మొదటి సాక్ష్యం కంటె కష్టం. కాపరులు కూడా సాక్ష్యానికి పిలిచే ముందు "డాక్టరుగారు మానమన్నారా?" అని ఒక్క మాట అడగాలి. లేదన్నవారి సాక్ష్యం ఆ ఆదివారానికి ఆపి, సోమవారం ఎవరినైనా తోడిచ్చి ఆసుపత్రికి పంపించండి.