ఇంటి నుంచి కోడింగ్: ప్రధాన పంటగా కాదు, అంతర పంటగా వేద్దాం



ఫోన్‌లో ఎకరాలు ఎన్నో కొడితే జీవామృతానికి ఏది ఎంత కావాలో లెక్క చెప్పే చిన్న ప్రోగ్రాంని పోయిన వీడియోలో చూపించాను కదా. అప్పట్నుంచి చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. “మా అబ్బాయికి నేర్పిస్తే ఇంటి దగ్గరే ఉండి సంపాదించుకోగలడా?” అని కొందరు, “మా కోడలు బీటెక్ చదివింది, ఇంట్లోనే ఉంటోంది, ఆ అమ్మాయికి పనికొస్తుందా?” అని ఇంకొందరు. వీడియోలో పది నిమిషాల్లో చెప్పే విషయం కాదు కాబట్టి నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

సూటిగా చెప్పేస్తాను. సంపాదించుకోవచ్చు. కానీ పొలం మానేసి కాదు, “మూడు నెలల్లో లక్ష జీతం” ప్రకటనలు నమ్మి అసలే కాదు. కొబ్బరి తోటలో కోకో వేసుకున్నట్టు వేసుకోవాలి. కొబ్బరి నీడ ఉంటేనే కోకో హాయిగా పెరుగుతుంది. కోడింగ్‌కి కూడా మొదటి రెండేళ్ళు మన పొలమే నీడ.

ఇది మనకెందుకు?

మొన్న మా బాబాయ్ అన్నాడు, “ఏరా, చేను చేసుకునేవాడికి కంప్యూటర్ రాతలెందుకురా?” అని. మంచి ప్రశ్నే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలవల మీదే ఇవాళ్టికీ సార్వా, దాళ్వా పండించుకుంటున్నాం. నీళ్ళున్న నేల మనది. అయినా 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు పెరిగి, మురుగు దిగక విసిగిపోయి నాట్లు ఆపేశారు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరి తోటలు ఎలా కూలిపోయాయో మన పెద్దవాళ్ళు ఇంకా చెబుతూనే ఉంటారు. మళ్ళీ మొక్క వేస్తే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఇల్లు గడవాలి కదండీ. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు చేలు పడిపోవడం మనం కళ్ళారా చూశాం.

ప్రకృతి వ్యవసాయంలో ఖర్చు తగ్గించుకున్నాం, అది పెద్ద విజయమే. కానీ ధాన్యం డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ఇంటి ఖర్చు నెల నెలా వస్తుంది. ఈ తేడాని పూడ్చుకోలేకే మన పిల్లలు ఊరు వదులుతున్నారు.

భీమవరం, సూరంపాలెం, రాజానగరం, ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే. చదువుకున్న అబ్బాయి హైదరాబాదో బెంగళూరో వెళ్తాడు. నాన్నకి ఓపిక తగ్గాక చేను కౌలుకి వెళ్తుంది. వచ్చే ఏడాది ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు ఘనజీవామృతం ఎందుకు వేస్తాడు, నవధాన్యాలు చల్లి ఎందుకు కలియదున్నుతాడు? ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ మనం ఐదారేళ్ళు కష్టపడి వానపాముల్ని రప్పించుకున్న నేల రెండు పంటల్లో మళ్ళీ యూరియా బాట పడుతుంది. నా దృష్టిలో ఇంటి నుంచి ఆదాయం అనేది ప్రకృతి వ్యవసాయానికి సంబంధించిన విషయమే. నేల బాగుండాలంటే దాన్ని చూసుకునే మనిషి ఊళ్ళో ఉండాలి.

మనకు తెలిసిన లెక్కే

నేను చదివిన అగ్రికల్చర్ డిప్లొమాలో కంప్యూటర్ అంటే వర్డ్, ఎక్సెల్ వరకే. ప్రోగ్రామింగ్ అంతా తర్వాత రాత్రిపూట ఇంట్లో కూర్చుని నేర్చుకున్నదే. నేర్చుకుంటుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, రైతుకి ఈ ఆలోచన కొత్త కాదు.

ఎకరాకి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఎకరాలు మారితే అన్నీ అదే లెక్కన మారతాయి. ప్రోగ్రాంలో దీన్ని వేరియబుల్ అంటారు. “వాన సూచన ఉంటే కషాయం కొట్టొద్దు, లేకపోతే కొట్టు” అంటే అది కండిషన్. “48 గంటల పాటు రోజుకి రెండుసార్లు కలుపుతూ ఉండు” అంటే అది లూప్. ఈ మూడూ పట్టుబడితే పునాది పడినట్టే. మిగతాది సాధన.

పైథాన్ భాష 1991 నుంచి ఉంది. పైసా కట్టక్కర్లేదు. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా వినొచ్చు. ఇంగ్లీషు కాస్త వచ్చినవాళ్ళకి ఫ్రీకోడ్‌క్యాంప్, హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 ఉచితమే. ఎరువుల కొట్టు అప్పు నుంచి బయటపడదామనే కదా మనం ఈ దారిలోకి వచ్చింది. నేర్చుకోవడంలో కూడా అదే సూత్రం పెట్టుకోండి. ఇంట్లో దొరికేది వదిలేసి యాభై వేలు అప్పుచేసి కోర్సు కొనడమంటే, పెరట్లో ఆవుని కట్టేసుకుని డబ్బా మందు కొన్నట్టే. ఖర్చంతా ఒక మామూలు ల్యాప్‌టాప్, నెట్ కనెక్షను, రోజుకి ఒక గంట.

కాలం మాత్రం పడుతుంది. సేంద్రియ సర్టిఫికెట్‌కే పంటను బట్టి రెండు మూడేళ్ళ మార్పిడి కాలం ఉంటుంది. దీనికీ అంతే ఓపిక పెట్టుకోండి. మొదటి ఏడాది ఆదాయం సున్నా అనుకునే మొదలుపెట్టండి.

మొదటి కస్టమర్ పక్క ఊళ్ళోనే ఉన్నాడు

నాతో చాలామందికి అభిప్రాయభేదం ఉన్నది ఇక్కడే. కోడింగ్ అనగానే అందరూ అమెరికా కస్టమర్ గురించి, డాలర్ల గురించి మాట్లాడతారు. ఫ్రీలాన్సింగ్ వెబ్‌సైట్లలో మనం ప్రపంచం మొత్తంతో పోటీపడాలి, పైగా వాళ్ళు కమీషన్ పట్టుకుంటారు. దళారీని తప్పించుకుని బియ్యం నేరుగా అమ్ముకుంటున్న మనం, ఇంకో దళారీ దగ్గర మొదలుపెట్టాల్సిన పని లేదు. అదొక దారే, కానీ మొదటి దారి కాదు.

మన చుట్టూ చూడండి. కడియం నర్సరీల్లో వందల రకాల మొక్కలు. ఏ రకం ఎన్ని ఉన్నాయి, ఏ లోడు ఏ రాష్ట్రానికి వెళ్ళింది అనే లెక్క చాలాచోట్ల నోటుబుక్కులోనే ఉంటుంది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలల లెక్కలు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారుల బాకీలు, భీమవరం వైపు చెరువుల మేత ఖర్చులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల వాటాల పద్దులు. ఇవన్నీ పనులే. హైదరాబాదులో కూర్చున్న కంపెనీకి బస్తాకీ పుట్టికీ తేడా తెలియదు. మీకు తెలుసు. అదే మీ బలం.

నేను మొదట నా దేశవాళీ బియ్యం ఆర్డర్ల కోసమే చేసుకున్నాను. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరు షీట్‌లో వేస్తే బిల్లు, పార్సిల్ చీటీ వాటంతటవే వస్తాయి. అది చూసి తెలిసిన నర్సరీ ఆయన “నాకూ ఒకటి చేసిపెట్టు అబ్బాయ్” అన్నాడు. ఆ పనికి ఆరు వేలు తీసుకున్నాను. ఇప్పుడు అలాంటివాళ్ళు ఆరుగురు ఉన్నారు, నెల నెలా కొంత ఇస్తారు. లక్షలు కాదండీ. కానీ దాళ్వా ధాన్యం డబ్బు ఆలస్యమైన నెలల్లో కరెంటు బిల్లు, పిల్లల ఫీజు దానితోనే కట్టాను. వడ్డీకి వెళ్ళలేదు. ఒకరు మానేసినా మిగతా ఐదుగురు ఉంటారు. ఒక్క కంపెనీ జీతం ఆగిపోతే అంతా ఆగిపోతుంది. ఒకే పంట వేయకూడదని మనం చెప్పే మాట ఇక్కడా వర్తిస్తుంది.

“ఇప్పుడు కోడ్ ఏఐయే రాసేస్తోంది, నేర్చుకోవడం దండగ” అంటున్నారు. నిజమే, నేనూ వాడతాను. కానీ బెల్లం 2 కిలోల చోట 20 కిలోలని రాస్తే అది తప్పని పట్టుకునేది ఎవరు? పొలం తెలిసి, కోడ్ చదవడం వచ్చిన మనిషే. రాసే పని తగ్గింది, అడగడం, సరిచూడడం మిగిలింది. అది రైతు ఇంటి మనిషికి అనుకూలమే.

కోడళ్ళ గురించి, ప్రభుత్వం గురించి

ఆడపిల్లల విషయంలో ఒక మాట. ఇంటి నుంచి పని అంటే వంట, పాడి, పిల్లలు అన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి చేసుకునే పని కాదు. ఆ అమ్మాయికి ఒక గది, తలుపు వేసుకునే రెండు గంటలు ఇవ్వండి. ఆ సమయంలో “అమ్మా, కాస్త టీ పెట్టు” అని పిలవకండి. నీళ్ళు పెట్టకుండా పంట రాలేదంటే ఎలా?

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు మహిళలకి ఇంటి నుంచి పని అవకాశాలు పెంచుతామని ప్రకటించారు. అదే ఏడాది రాజమహేంద్రవరంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. మంచిదే. కానీ మామిడికుదురు నుంచో ఆచంట నుంచో రోజూ రాజమండ్రి వెళ్ళలేం కదా. ఊళ్ళలో రైతు సేవా కేంద్రాలున్నాయి. సాయంత్రం ఒక గంట అక్కడ తెలుగులో ఈ పాఠాలు చెప్పించమని నేను అడుగుతున్నాను. తమిళనాడులో జోహో కంపెనీ తెన్‌కాశి పక్క పల్లెలో ఆఫీసు పెట్టి, డిగ్రీ లేని పిల్లలకి కూడా స్టైపెండ్ ఇచ్చి నేర్పించి ఉద్యోగాలిచ్చింది. మన పల్లెల్లో ఎందుకు కుదరదు?

మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. “ముందు డబ్బు కట్టండి, ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ పని ఇస్తాం” అనేవాళ్ళని నమ్మకండి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. రెండోది, వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు గానీ ఈ ఆదాయం పన్ను లెక్కలోకి వస్తుంది. మొదటి రోజు నుంచే విడిగా పద్దు రాసుకోండి.

ఇంట్లో ఒకరికి లెక్కల మీద ఇష్టం ఉంటే, ఈ దాళ్వా అయ్యాక కాలవలు కట్టేసే రోజుల్లో మొదలుపెట్టించండి. పొలం అమ్మి కాదు, పొలం నిలబెట్టుకోవడానికి. వచ్చే వీడియోలో జీవామృతం లెక్క ప్రోగ్రాంని మొదటి వరస నుంచి తెలుగులో రాసి చూపిస్తాను. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.