సిగ్నల్ అందని ఊళ్లో కళాకారుడికి సాయం ఎలా చేరుతుంది?

2020 చివర్లో లంబసింగికి మళ్లీ జనం వచ్చారు. చెరువులవేనం కొండ మీద తెల్లవారుజామున మంచు చూడాలని నర్సీపట్నం వైపు నుంచి కార్లు బారులు తీరాయి. టీ కొట్లకు, గుడారాలు అద్దెకిచ్చేవారికి కాస్త బేరం దొరికింది. థింసా బృందాలకు మాత్రం పిలుపులు అంతంతమాత్రంగానే వచ్చాయి. ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడే ఆట అది. ఆ కరోనా కాలంలో ఏది చేయకూడదన్నారో సరిగ్గా అదే.

2020 మార్చి 25న, ఉగాది నాడే, లాక్‌డౌన్ మొదలైంది. ఏజెన్సీలో ఇటుకల పండుగ జరిగేది ఆ చైత్రమాసంలోనే. పండుగ ఇళ్లకే పరిమితమైంది. రైళ్లు ఆగాయి, అరకు, బొర్రా గుహలు బోసిపోయాయి. ఒక బృందమంటే పదిహేను ఇరవై మంది స్త్రీలు, వారికి తోడు డప్పు, తుడుము, మోరి, కిరిడి వాయించే మగవారు. వీరికి పొలం పనే ఆధారం, నిజమే. కానీ చేతికి రొక్కం వచ్చే దారుల్లో ఆట ఒకటి. నూనె, సబ్బు, పిల్లల పుస్తకాలు ఆ డబ్బుతో కొనేవారు. రాష్ట్ర ప్రభుత్వం రేషన్ కార్డుకు వెయ్యి రూపాయలిచ్చింది, కేంద్రం స్త్రీల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలు ఐదేసి వందలు వేసింది. అవి పేదలకు వచ్చాయి. ఆట ఆగి నష్టపోయినవారంటూ విడిగా ఎవరూ లెక్క తీయలేదు.

అదే సమయంలో పట్టణాల్లో కళాకారులు ఒకరినొకరు ఆదుకున్న తీరు గమనించదగ్గది. చిరంజీవిగారు ముందుండి నడిపిన కరోనా క్రైసిస్ ఛారిటీ ద్వారా తెలుగు సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు వెళ్లాయి. చెన్నైలో గాయకుడు టి.ఎం. కృష్ణ తన సుమనస ఫౌండేషన్ ద్వారా నిధి సేకరించి, జానపద కళాకారులకు కూడా సాయం అందించారు. కచేరీలు ఫోన్ల మీదికి వచ్చాయి. బ్రిటన్‌లో అరవైకి పైగా సంఘాల గాయకులు ఎవరి ఇంట్లో వారుండి పాడిన ఆశీర్వాద గీతం మే నెలలో మన వాట్సాప్‌లకూ చేరింది. 1885 నుంచి నాటకమే బతుకుగా ఉన్న సురభి కుటుంబాల ఇబ్బంది కూడా మనకు తెలిసింది ఫోన్ల ద్వారానే.

ఇది ఎలా పనిచేసిందో చూడండి. ఒక కళాకారుడు ఇబ్బందిలో ఉన్నాడని మరో కళాకారుడు పూచీ ఇస్తాడు. బ్యాంకు ఖాతా నంబరు పంపుతాడు. దాత ఊరు దాటకుండానే డబ్బు పడుతుంది. దీనికి కావలసినవి మూడే: మనల్ని ఎరిగినవాడు, ఖాతా, సిగ్నల్.

అప్పట్లో చింతపల్లి దాటి లోపలికి వెళితే చాలాచోట్ల మూడోది ఉండేది కాదు. ఆన్‌లైన్ పాఠాల కోసం పిల్లలు గుట్టలెక్కిన ప్రాంతమిది. చెట్టెక్కితే గానీ మాట వినపడని ఊళ్లుండేవి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. థింసా వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. వాటిని లక్షలమంది చూసినా ఆదాయం వీడియో పెట్టినవారిదే. ఆడిన స్త్రీల పేర్లు కూడా కింద కనిపించడం అరుదు. ఆన్‌లైన్ సాయం మంచిదే, కానీ ముందే కనిపించేవారికి ముందుగా అందే గుణం దానికుంది.

మన సంఘాల సంగతేమిటి? సువార్త సభలు ఆగిపోయాక కీబోర్డు, తబలా, డోలక్ వాయించే మన యౌవనస్థులు ఎంతమంది కూలికి వెళ్లారో ప్రతి కాపరికీ తెలుసు. ఆరాధనను ఫోన్‌లో ప్రసారం చేసిన సంఘాలు కొన్ని వారిని పిలిచాయి, కానీ ఇచ్చేది ఇవ్వలేదు. ప్రసారానికి కెమెరా కొనగలిగినప్పుడు వాయిద్యకారుడి చేతిలో కొంత పెట్టడం భారమా?

థింసా మాటెత్తగానే కొందరు విశ్వాసులు ముఖం ముడుచుకుంటారు. అది పండుగలతో ముడిపడిన ఆట, మనకెందుకంటారు. విశ్వాసి ఆ ఆట ఆడవచ్చా లేదా అన్నది ఏజెన్సీ సంఘాలు ప్రార్థనతో తేల్చుకోవలసిన ప్రశ్న. ఆడేవారి ఇంట్లో బియ్యం ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. పౌలు మాసిదోనియ పేద సంఘాల కానుకను యెరూషలేముకు మోయించాడు, అది పరిశుద్ధుల కోసమే కదా అనవచ్చు. అదే పౌలు గలతీయులకు రాస్తూ, విశ్వాసుల ఇంటివారిని ప్రత్యేకంగా పేర్కొనడానికి ముందు అందరికీ మేలు చేయమన్నాడు. ఆ వరుసను మనం తిరగేసి చదవడం అలవాటు చేసుకున్నాం.

సిగ్నల్ లేదన్నది సాకు కాకూడదు. కొండ మీద అంతకన్నా పాత దారి ఒకటుంది, వారపు సంత. చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికి దిగుతాయి. చింతపల్లిలోనో పాడేరులోనో సిగ్నల్ ఉన్న ఒక కాపరి, ఒక ఉపాధ్యాయుడు కలిసి పూచీ పడితే, విశాఖలోని సంఘం పంపిన డబ్బు సంత రోజున చేతికి అందుతుంది. ఎవరికెంత ముట్టిందో కాగితం మీద రాసి ఇద్దరు సంతకం పెడితే చాలు. బృందానికి పెద్దగా ఉన్న ఒక్కరికే మొత్తం ఇవ్వకుండా ఆడిన ప్రతి స్త్రీకి విడిగా ఇవ్వడం మంచిది. డబ్బు మధ్యలో ఎక్కడ చిక్కుకుంటుందో ఊళ్లలో పెరిగినవారికి వివరించనక్కర్లేదు.

2020లో చాలాచోట్ల సెమీ క్రిస్మస్ చిన్నగా జరిగింది. పందిళ్లు, భోజనాల ఖర్చు మిగిలింది. లంబసింగిలో మంచు జనవరి దాకా ఉంటుంది. తర్వాత కార్లు దిగిపోతాయి, మళ్లీ నవంబరు దాకా ఈ సందడి ఉండదు. పంపదలచుకున్న సంఘాలు సంవత్సరాంతపు లెక్కలు మూసేలోపే ఏజెన్సీలో తమకు తెలిసిన కాపరికి ఫోన్ చేయండి. మొదటిసారి కలవకపోతే సాయంత్రం మళ్లీ చేయండి. సిగ్నల్ కోసం ఆయన రోడ్డు మీదికి వచ్చేది ఆ వేళకే.