ఫ్లెక్సీలో ఉన్నారు సరే, ఆ రోజు సభలో ఎటు ఉన్నారు?

పోస్టు పెద్దదే. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మా ఎంపీ గారు వచ్చారు. తలపాగా కట్టుకున్నారు, డోలు కొట్టారు, యూత్‌కి క్రికెట్ కిట్లు, హాస్టల్ పిల్లలకి నోటుబుక్కులు ఇచ్చారు. మేమూ తీసుకున్నాం, అబద్ధం ఎందుకు. సభ అయ్యాక ఆయన వెంట వచ్చిన ఒక పెద్దన్నని అడిగాం: "అన్నా, 2023లో అడవి చట్టం మార్చినప్పుడు మన సీటు నుంచి వెళ్ళినాయన ఎటు ఓటేశారు? ఇప్పుడున్న సారు అక్కడ ఏం అడుగుతున్నారు?" ఆ అన్న నవ్వి మా భుజం తట్టాడు. "ముందు చదువుకోండ్రా. మనోడి మీద మనమే పడితే బయటోళ్ళు నవ్వరా?" అన్నాడు.

ఆ మాటకే ఈ జవాబు.

మనోడే, కాదనం. అందుకే అడుగుతున్నాం. లోక్‌సభలో ఎస్టీ సీట్లు 47. రాజ్యాంగం 330వ అధికరణం కింద అవి వచ్చింది పార్టీల దయతో కాదు, మన జనాభా లెక్కతో. మన తలలు లెక్కపెట్టి ఇచ్చిన కుర్చీ అది. అందులో కూర్చున్నవాళ్ళు ఏం చేశారని అడిగితే బురద చల్లినట్టా?

సంతలో చింతపండు, జీడిపిక్కలు అమ్మేటప్పుడు మా అమ్మానాన్నలు తూకం ముల్లు మీంచి కన్ను తీయరు. సావుకారి వేలు ఎక్కడుంది, రాయి ఎన్ని కేజీలది, అన్నీ చూస్తారు. అదే ఓటు దగ్గరికి వస్తే ఒకసారి వేసి ఐదేళ్ళు తల తిప్పేసుకుంటాం. ఇక్కడ ముల్లు ఎక్కడుందో మనకు ఎవరూ చూపించలేదు.

చూద్దామని మేమే కూర్చున్నాం. మొదట వెతికింది ఆ అడవి చట్టమే. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి 2023లో సవరణ తెచ్చారు. లోక్‌సభలో జూలై 26న, రాజ్యసభలో ఆగస్టు 2న పాసయింది. అందులో ఒక ముక్క మనకోసమే రాసినట్టు ఉంది: వామపక్ష తీవ్రవాద ప్రాంతంగా నోటిఫై చేసిన చోట 5 హెక్టార్ల వరకు, అంటే సుమారు 12 ఎకరాల అడవిని రక్షణ పనులకు, పారామిలిటరీ క్యాంపుకు, కేంద్రం చెప్పిన ప్రజా అవసరాల ప్రాజెక్టుకు వాడుకోవాలంటే ఆ చట్టం అడ్డురాదు. 12 ఎకరాలంటే మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళ పోడు? చట్టం పేరు కూడా హిందీలోకి మార్చేశారు, వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అని. మన పెద్దవాళ్ళకి నోరు తిరగదు.

మరి మనవాళ్ళు ఎటు ఓటేశారు? లెక్క లేదు. దాచారని కాదు, అసలు రాయలేదు. ఆ బిల్లు మూజువాణి ఓటుతో పాసయింది. "అవును అనేవాళ్ళు అవును అనండి, కాదనేవాళ్ళు కాదనండి" అంటారు, అరుపులు విని అధ్యక్ష స్థానంలో ఉన్నవారు "అవును అన్నవాళ్ళే ఎక్కువ" అని తేల్చేస్తారు. ఎవరి గొంతు ఎటు కలిసిందో దేవుడికే తెలియాలి. మన ఊళ్ళో గ్రామసభ తీర్మానమైతే సంతకం, వేలిముద్ర అడుగుతారు. అడవి మొత్తానికి సంబంధించిన చట్టానికి అరుపు చాలు.

పేరుపేరునా లెక్క తీయడం చేతకాక కాదు. అదే ఏడాది సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభకు వచ్చింది. రాజ్యాంగ సవరణ కాబట్టి లెక్క తీయక తప్పలేదు: అనుకూలం 454, వ్యతిరేకం 2. ఆ ఇద్దరెవరో దేశమంతా తెలుసు. మామూలు బిల్లుకి కూడా సభ్యుడు లేచి "డివిజన్" అని అడగొచ్చు. అనవసరంగా అడిగారనిపిస్తే స్పీకర్ ఉన్నచోటే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించి, పేర్లు రాయకుండా ముగించొచ్చు, నిజమే. కానీ అడిగారన్న మాటైనా సభ రికార్డులో ఉంటుంది కదా. 47 మందిలో ఎవరు అడిగారు? మా హాస్టల్ గోడ మీద ప్రస్తుతం అతికించి ఉన్న ప్రశ్న ఇదే.

దీనికి ఆ అన్న దగ్గర ఇంకో సమాధానం ఉంది: "విప్ ఉంటుంది తమ్ముడూ, పార్టీ చెప్పినట్టు వెయ్యాల్సిందే." కొంతవరకు నిజం. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. సరే, చేతిని పార్టీ పట్టుకుంది. నోటిని ఎవరు పట్టుకున్నారు? ప్రశ్న వేయడానికి విప్ ఉండదు. జీరో అవర్ ఉంది, 377 నిబంధన కింద నియోజకవర్గం సమస్య చదవొచ్చు, ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టొచ్చు. ఇవన్నీ పేరుతో సహా సభ వెబ్‌సైటులో పడతాయి. స్కాలర్‌షిప్ గురించి, అటవీ హక్కు పట్టాల గురించి, 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక మన టీచర్ పోస్టులు ఏమవుతున్నాయన్న దాని గురించి ఎన్నిసార్లు నోరు విప్పారో ఎవరైనా కూర్చుని చూసుకోవచ్చు. మేము చూస్తున్నాం. పూర్తయ్యాక తేదీలతో పెడతాం. ఇప్పుడే సగం లెక్కతో మాట పడటం మాకు ఇష్టం లేదు.

హాజరు శాతం చూపించి చప్పట్లు కొట్టమనే వాళ్ళకి ఒక మాట. ఆ హాజరు అంటే మొన్నటిదాకా రిజిస్టరులో సంతకం. హాజరు పడితే ఆ రోజు భత్యం వస్తుంది, 2025లో పెంచాక రోజుకి 2,500 రూపాయలు. నెల జీతం 1,24,000 వేరే. హాజరు వేయించుకుని ఎంతసేపు కూర్చున్నారో అందులో ఉండదు. రాత్రి అటెండెన్స్ పలికి గోడ దూకేవాళ్ళు మా హాస్టల్లోనూ ఉన్నారు, ఆ విద్య మాకు కొత్త కాదు.

ఇక డబ్బు. "సారు తన నిధుల నుంచి కమ్యూనిటీ హాలు ఇచ్చారు" అని శిలాఫలకం ముందు దండలు వేస్తాం. ఎంపీ నిధులు అనే పేరులోనే మోసం ఉంది. ఏడాదికి 5 కోట్లు కేంద్ర ప్రభుత్వానివి, అంటే మనవి. ఎంపీ పనిని సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఐదేళ్ళకు 25 కోట్లు. ఆ 25 కోట్లలో రోడ్డు పక్క ఊళ్ళకి ఎంత వెళ్ళింది, డోలీ మోతలున్న ఊళ్ళకి ఎంత వెళ్ళింది? ఊరి పేర్లతో లిస్టు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు, రుసుము 10 రూపాయలు.

ఎన్నికల ఖర్చు కూడా అంతే. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి పరిమితి 2022 నుంచి 95 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి. ఆ లెక్కని ఎవరైనా ఒక్క రూపాయి కట్టి చూడొచ్చని నిబంధనల్లోనే ఉంది. పోలింగు ముందు రాత్రి మన వీధుల్లో ఏం పంచారో మనం కళ్ళతో చూశాం. కాగితం మీద ఏం రాశారో కూడా చూడాలి కదా. ఒక్క రూపాయే కదా అన్నలూ!

ఎమ్మెల్యేల సంగతి ఇంకా కష్టం, అసెంబ్లీ కూర్చునే రోజులే తక్కువ. కానీ అయిదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో 20 మంది వరకు ఉంటే, వీలైనంతవరకు నాలుగింట మూడు వంతుల మంది మన ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. తెలంగాణలో ఎస్టీ ఎమ్మెల్యే సీట్లు 12, ఆంధ్రలో 7. ఆ సమావేశాల్లో ఎవరు ఏం మాట్లాడారో మన ఊళ్ళకి ఎప్పుడైనా చేరిందా? చివరి సమావేశం మినిట్స్ చూసినవాళ్ళు ఈ గ్రూపులో ఉంటే చెప్పండి, మేము తప్పు ఒప్పుకుంటాం.

"ముందు చదువుకోండి" అన్నారు కదా. చదువుకున్నాం కాబట్టే అడుగుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పార్లమెంటు రికార్డు ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది, మా నాన్నలు దాన్ని చదవలేరు. ఇన్నాళ్ళూ నాయకులకి ధైర్యం ఇచ్చింది అదే. మాకు ఉద్యోగం వస్తుందో రాదో తెలీదు, ఆ రికార్డు చదవడం మాత్రం వచ్చు.

పని పంచుకున్నాం. ప్రశ్నలు వెతికేది ఆరుగురం. నిధుల దరఖాస్తు సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తున్నాం. ఎన్నికల ఖర్చు లెక్క చూడటానికి ఇద్దరు వెళ్తారు, బస్సు చార్జీలు మావే. హిందీ బాగా వచ్చిన అక్కలో అన్నలో ఇద్దరు కావాలి, సభలో హిందీలో మాట్లాడినవి మాకు సరిగ్గా అందడం లేదు. ఆ పెద్దన్న వచ్చినా సరే, ఆయన హిందీ బాగుంటుందని విన్నాం.