తాబేలు ఒరిగి ఈదుతోందా?

మూడేళ్ళ క్రితం మా చిన్నాడి పుట్టినరోజుకి వాళ్ళ బాబాయి ఓ తాబేలుపిల్లని తెచ్చిచ్చాడు. కళ్ళ వెనక ఎర్రచార ఉండే అమెరికా రకం. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. (చుక్కల తాబేలు లాంటి మన దేశపు వాటిని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తీసుకోకండి.)

నోరులేని జీవం కదా, అది ఏం చెప్పినా ఒంటితోనే చెప్పాలి. మొదట్లో ప్రతిదానికీ హడలిపోయేదాన్ని. ఓ రోజు రాయి మీదకెక్కి వెనక కాళ్ళు బార్లా చాపి, మెడ సాగదీసి కదలకుండా పడుకుంది. ప్రాణం పోయిందని కేకేశాను. తీరా చూస్తే ఎండ కాచుకుంటోంది! ఇంకోసారి ముందుకాళ్ళ గోళ్ళు మొహం ముందు టపటపా ఆడించింది. ఫిట్స్ అనుకున్నాను. మగ తాబేళ్ళు ఆడవాటి ముందు అలా సరసమాడతాయట, పిల్లవి కూడా ఒక్కోసారి చేస్తాయట. మావాడు ఎందుకని అడిగితే ఆటలే అని చెప్పి తప్పించుకున్నాను.

ఇలా ప్రతిసారీ ఏమీ లేదని తేలేసరికి, నిజంగా జబ్బు చేసినప్పుడు నేను పట్టించుకోలేదు. పోయిన చలికాలంలో అది ఎడమపక్కకి ఒరిగి ఈదడం మొదలెట్టింది. డిప్ప ఓ అంచు నీళ్ళలో మునిగి, రెండోది పైకి తేలేది. "అమ్మా, పడవ ఒరిగిపోతోందే" అని మావాడంటే నవ్వేశాను. నాలుగో రోజుకి మేత మానేసింది. మెడ సాచి నోరు తెరిచి గాలి పీలుస్తోంది, ముక్కు దగ్గర బుడగలు. అప్పుడు పరిగెత్తాం పశువుల డాక్టరు దగ్గరికి.

నెమ్ము చేసిందన్నారు ఆయన. తాబేలు ఊపిరితిత్తులు పై డిప్పని ఆనుకుని ఉంటాయట. ఓ పక్క నెమ్ము పడితే ఆ పక్క బరువెక్కి మునుగుతుంది. మనలాగా గట్టిగా దగ్గి బయటికి తెచ్చుకునే శక్తి దానికి లేదు. "ఒరిగిన రోజే తేవాల్సిందమ్మా" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందుకాలికి ఇంజెక్షన్లు ఇచ్చారు. తప్పంతా నాదే. తొట్టి బాల్కనీలో పెట్టి, రాత్రిళ్ళు ఆ చల్లటి నీళ్ళలోనే వదిలేశాను. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర, ఎక్కి కూర్చునే రాయి 30 పైన ఉండాలిట. ఇప్పుడు థర్మామీటరు, చిన్న హీటరు, పైన బల్బు పెట్టాం. రోజూ కాసేపు లేత ఎండ చూపిస్తాం, కిటికీ అద్దంలోంచి వచ్చేది పనికిరాదు.

మీ ఇంట్లో ఉన్నది పెద్ద ఆడ తాబేలైతే మరో సంగతి. అది కుదురు లేకుండా తిరుగుతూ వెనక కాళ్ళతో గీరుతుంటే గుడ్లకి చోటు వెతుక్కుంటోందన్నమాట. మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. ఓ తొట్టిలో తడి ఇసుక పోసి పెట్టండి. ముక్కుతూ నీరసపడితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసికెళ్ళండి.

మాది కోలుకోడానికి నెల పైనే పట్టింది. ఇప్పటికీ మావాడు పాలగ్లాసు ముట్టుకునే ముందు తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని డిప్ప రెండంచులూ సమంగా ఉన్నాయో లేదో చూస్తాడు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోమని నేను అరవాలి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు, విరోచనాలు, జ్వరం వస్తాయి. అందుకే అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేలుపిల్లల అమ్మకాన్ని 1975లోనే ఆపేశారు. నేనేమో అన్నాళ్ళూ ఆ తొట్టిని అంట్ల సింకులోనే కడిగాను! ఇప్పుడు బాత్‌రూములో కడిగి, ఫినాయిల్ వేసి మరీ నేల రుద్దుతున్నాను.