తెరతాడు, సూది దారం

పనివాళ్లు పని ఆపేస్తామంటే నాటకం చచ్చిపోతుందిట! పోయిన సంబరాల కాలానికి ముందు, మా జిల్లాలో జరిగిన ఒక సాహిత్య సభలో ఈ మాట విన్నాను. అన్నది నాటకమంటే ప్రాణం పెట్టే పెద్దాయన. పేరు అనవసరం. జరిగిందల్లా ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పద్యనాటకాలు ఆడే ఒక బృందంలో తెరలు కట్టేవాళ్లూ, లైట్లూ మైకులూ చూసేవాళ్లూ, రాత్రి కూలి పెంచకపోతే ఈసారి బండి ఎక్కం అన్నారు. వాళ్లకి యూనియను లేదు, జెండా లేదు, రాతలో నోటీసు లేదు. తొమ్మిదిమంది మగవాళ్లు టీకొట్టు దగ్గర నిలబడి అనుకున్న మాట. దానికే సభలో అంత గగ్గోలు. “కళకి కూలి కడతారా?” అంటే చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. లేచి కాదనీ అనలేదు. ఆ రోజు నోరు విప్పనందుకే ఇది రాస్తున్నాను.

కళకి కూలేమిటనే వాళ్లకి ముందు లెక్క చెప్పాలి. ఊరివాళ్లు సంబరానికో తీర్థానికో నాటకం కుదుర్చుకుంటే బయానా ఇస్తారు. కృష్ణ రాయబారం అయితే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగుతారు. ఒక్కో కృష్ణుడికీ ఒక్కో రేటు. హార్మోనిస్టుకి వేరే రేటు. ఇందులో తప్పేమీ లేదు. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి చూడడానికి జనం తెల్లవార్లూ కూర్చున్నారంటే ఆ గొంతుకి ఆ విలువ ఉంది. మరి గొంతుకి రేటు కట్టినప్పుడు కళగానే ఉన్న నాటకం, తెరతాడు పట్టిన చెయ్యి రేటు అడిగేసరికి వ్యాపారం ఎలా అయిపోయింది? వ్యాపారం మొదటినుంచీ ఉంది. అందులో వాటా లేనివాళ్లకే దాన్ని ‘సేవ’ అని చెబుతూ వచ్చాం.

గురజాడ ‘కన్యాశుల్కా’న్ని విజయనగరంలో తొలిసారి ఆడింది 1892లో. మరుసటి ఏడాదే, 1893లో, అమెరికాలో రంగస్థల కార్మికులు జాతీయ స్థాయిలో సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. 2007 నవంబరులో న్యూయార్కు బ్రాడ్వేలో ఆ సంఘానికి చెందిన స్టేజి కార్మికులు 19 రోజులు సమ్మె చేశారు. సెట్లు ఎక్కించడానికి ఎంతమందిని పెట్టాలన్నది తామే తేల్చుకుంటామని నిర్మాతలు పట్టుబట్టడం ఆ గొడవలో ముఖ్యమైన సంగతి. ఇరవైకి పైగా నాటకాలు ఆగిపోయాయి. పండగ రోజుల వసూళ్లు పోయాయి. చుట్టుపక్కల హోటళ్లు కూడా నష్టపోయాయి. అయినా బ్రాడ్వే చచ్చిపోలేదు. ఒప్పందం కుదిరింది, తెర లేచింది.

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది 2023 జులై. బ్రాడ్వేలోనూ, ఊరూరా తిరిగే ప్రదర్శనల్లోనూ పనిచేసే సుమారు 1,500 మంది సమ్మె అంచు దాకా వెళ్లారు. చివరి ఘడియలో రాజీ కుదిరి సమ్మె తప్పింది. ఆ ఒప్పందం కిందకి వచ్చేవాళ్లలో సెట్లు మోసేవాళ్లే కాదు, దుస్తులు చూసేవాళ్లూ, జుట్టు దువ్వేవాళ్లూ, మొహానికి రంగు వేసేవాళ్లూ ఉన్నారు. వారానికో సెలవు, ప్రయాణాల్లో ఉండడానికి చోటు కూడా అడిగారు. అక్కడ సూదిదారం కూడా బేరానికి కూర్చుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

అంత దూరం ఎందుకు? 2025 ఆగస్టు 4 నుంచి తెలుగు సినిమా కార్మికులు 30 శాతం పెంపు అడుగుతూ షూటింగులు ఆపేశారు. అప్పుడూ ‘పరిశ్రమ మునిగిపోతుంది’ అన్నారు. ఆగస్టు 21న, తెలంగాణ ప్రభుత్వం కలగజేసుకున్నాక, రాజీ కుదిరింది. రోజుకూలి రెండు వేల లోపు ఉన్నవాళ్లకి మూడేళ్లలో 22.5 శాతం, అందులో మొదటి ఏడాదే 15. పరిశ్రమ మునగలేదు. సినిమా పనివాళ్లకీ సినిమా హాళ్ల పనివాళ్లకీ 1981లోనే ఒక కేంద్ర చట్టం వచ్చింది. పల్లెలో నాటకం తెర లాగే మనిషికి ఆ చట్టంలో చోటు దక్కలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ తొమ్మిదిమందిలో మా నాన్న ఒకరు.

సభలో నేను లేవకపోవడానికి కారణం అదే. తెరలు కట్టేవాడి కూతుర్నని అక్కడున్న ఎవరికీ తెలీదు. తెలియాలని నేనూ అనుకోలేదు. నా పీహెచ్‌డీ నాటకాల్లో స్త్రీ పాత్రల మీద. మధురవాణి మీద ఒక అధ్యాయం మొత్తం రాశాను. ముందుమాటలో గైడుకీ, లైబ్రరీలకీ, స్నేహితులకీ కృతజ్ఞతలు చెప్పాను. నాన్న తెరతాడు గురించి ఒక్క ముక్క లేదు. అమ్మ గురించి అసలే లేదు.

అమ్మ ఇరవై ఏళ్లుగా ఆ బృందం దుస్తులు బాగుచేస్తోంది. ఆట అయిన మర్నాడు మూటలు మా వాకిట్లో దిగుతాయి. వెల్వెట్ చొక్కాలు ఉతక్కూడదు. తిరగేసి ఎండలో వేసి, చంకల దగ్గర చెమట మరకల్ని తడిగుడ్డతో తుడవాలి. మెడపట్టీలకి అంటిన మొహం రంగు వదలగొట్టాలి. ఊడిన జరీ అంచు కుట్టాలి. కిరీటం మీద రాలిన అద్దం ముక్కల్ని మళ్లీ అతికించాలి. నా ఎమ్మే ఫీజు ఆ ఇంట్లోంచే వచ్చింది. అమ్మకి ముట్టేది కూలి కాదు. సీజను చివర ఒక చీర, ‘చేతిఖర్చు’ అని కొంత. ఎంతన్నది మేనేజరు మనసుని బట్టి.

“మీరు అడిగిన లెక్కలో అమ్మ కూలి ఉందా నాన్నా?” అన్నాను. ఆయన నాకేసి వింతగా చూసి, “మీ యమ్మ బండెక్కదు కదే” అన్నాడు. అమ్మ సూదిలోంచి తల ఎత్తకుండానే, “ఆలు పని మానీసినా మన పని ఆగదు గుంటా. రేపు బండి కదిల్తే ముందు అడిగీది బట్టలే” అంది.

బండి ఎక్కితే లెక్క, ఎక్కకపోతే ఇంటిపని. పోనీ, బండి ఎక్కిన ఆడవాళ్ల సంగతి? చంద్రమతి వేషం కట్టే ఆవిడ బడిగదిలో ఇంకొకావిడ చీర అడ్డం పట్టుకుంటే బట్టలు మార్చుకుంటుంది. తెల్లవార్లూ నడిచే ఆటలో మరుగుదొడ్డి ఎక్కడుందని అడగదు. సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తుంది. తొమ్మిదిమంది అడిగిన పెంపులో ఈ ఊసు కూడా లేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించినప్పుడు మనం భావప్రకటన స్వేచ్ఛ గురించీ, ఒక కులం మనోభావాల గురించీ, ఆ నాటకంలో స్త్రీ చిత్రణ గురించీ వాదించుకున్నాం. నేనూ వాదించాను. ఆ వేషం కట్టి బతికే ఆడవాళ్ల రాత్రికూలి ఏమైందని నేను అడగలేదు.

మన దగ్గర సురభి ఉంది కదా అంటారు. నిజమే. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ సమాజం, ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న కాలంలోనే ఆడవాళ్లని రంగస్థలం మీదకి తెచ్చింది. నటులూ, తెర లాగేవాళ్లూ, వంట చేసేవాళ్లూ అంతా ఒకే కుటుంబం. ఆ చరిత్రకి నేను నమస్కారం పెడతాను. కానీ కుటుంబమే కంపెనీ అయినచోట కోడలు ఎవరి మీద సమ్మె చేస్తుంది? ఈ ప్రశ్న సురభికే కాదు, మా వాకిలికీ వర్తిస్తుంది. నాన్న మేనేజరుని కూలి అడిగాడు. అమ్మ ఎవరిని అడగాలి?

చివరికి మేనేజరు దిగొచ్చాడు. రాత్రికి కొంత పెంచాడు. నాటకం చచ్చిపోలేదు, ఒక్క ఆట కూడా తప్పలేదు. నాకు సంతోషమే. ఆ తొమ్మిదిమంది పక్షానే ఉన్నాను, ఇకపైనా ఉంటాను. అయితే వాళ్లకి ఒక మాట చెప్పాలి. మీరు బండి ఎక్కకపోతే ఒక్క రాత్రికి ఇంకెవరినైనా తెచ్చి తెర కట్టించుకోగలరేమో. మాసిన వెల్వెట్టూ, ఊడిన కిరీటమూ వేసుకుని కృష్ణుడు రంగం మీదకి రాలేడు. మీ బేరానికి బలం మీ వాకిట్లోనే ఉంది. దాన్ని వదిలేసి బేరానికి వెళ్లారు.

మనకీ చెప్పాలి. రాసేవాళ్లకీ, పాఠాలు చెప్పేవాళ్లకీ. పాత్రలోని స్త్రీని వంద కోణాల్లో చదివాం. ఆ పాత్ర రవికె కుట్టిన స్త్రీ మన పరిశోధనలోకి రాలేదు. నాటకం మీద సెమినారు పెట్టినప్పుడు ఈ పని చేసే ఆడవాళ్లని పిలిచి, మనకిచ్చినట్టే వాళ్లకీ దారిఖర్చులూ పారితోషికమూ ఇద్దాం. ఊళ్లో నాటకం కుదిర్చే కమిటీల్లో మనవాళ్లు ఉంటే, బయానా కాగితంలో దుస్తుల పనికి విడిగా రేటు రాయించమందాం. గదీ మరుగుదొడ్డీ చూపించాకే ఒప్పుకోమందాం. ఇవి పెద్ద కోరికలు కావు.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రాబోతోంది. ముందుమాట మళ్లీ రాస్తున్నాను. అమ్మకి ఆ సంగతి చెబితే, “నా పేరెందుకు గుంటా, ఆ మేనేజరుకి ఓ ఉత్తరం రాయి” అంది. ఉత్తరం కూడా రాశాను. జవాబు ఇంకా రాలేదు.