రీకాల్ నోటీసు పంపితే సరిపోదు, చివరి బండి దాకా బాగుచేయాలి



రోడ్డు భద్రత అనగానే పాఠాలన్నీ మనకే చెబుతారు. హెల్మెట్ పెట్టుకోండి, వెనక సీట్లో ఉన్నా బెల్టు పెట్టుకోండి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణించకండి, స్కూటీ మీద ముగ్గురు ఎక్కకండి. అన్నీ నిజమే, అన్నీ పాటించాల్సినవే. కానీ మనం ఎంత జాగ్రత్తగా నడిపినా, లోపం బండిలోనే ఉంటే? స్టీరింగులోనో, ఎయిర్‌బ్యాగులోనో, బ్యాటరీలోనో తయారీలోనే తేడా వస్తే దాన్ని కనిపెట్టడం మన వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి ముందుగా తెలిసేది కంపెనీకే. అందుకే తెలిసిన వెంటనే కొన్నవారికి చెప్పి, పైసా తీసుకోకుండా బాగుచేసి ఇవ్వాల్సిన బాధ్యత కూడా కంపెనీదే. దీన్నే రీకాల్ అంటున్నాం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నోటీసు పంపిన రోజుతో రీకాల్ పూర్తయినట్టు కాదు. లోపం ఉన్న చివరి బండి బాగుపడిన రోజునే పూర్తయినట్టు. కంపెనీల నుంచి, ప్రభుత్వం నుంచి మనం అడగాల్సిన లెక్క ఇదే.

దాచిపెడితే ఏం జరుగుతుంది?

అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఉదంతం చూడండి. ఆ కంపెనీ అమ్మిన కొన్ని చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండేది. తాళాల గుత్తి బరువుకో, గతుకుల్లో కుదుపుకో తాళంచెవి పక్కకు జారి, నడుస్తున్న కారు ఇంజిన్ ఆగిపోయేది. దాంతో పవర్ స్టీరింగ్ పనిచేయదు, బ్రేకు బిగుసుకుపోతుంది. అన్నిటికన్నా ఘోరం, కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవు.

కంపెనీలోని కొందరు ఇంజినీర్లకు ఈ లోపం గురించి రీకాల్‌కు పదేళ్ల ముందే తెలుసు. 2006లో స్విచ్‌ను మార్చారు కూడా. కానీ పార్ట్ నంబరు మాత్రం మార్చలేదు. పాతదానికీ కొత్తదానికీ ఒకే నంబరు ఉండడంతో, ఏ కార్లలో లోపం ఉందో పట్టుకోవడం ఏళ్ల తరబడి కష్టమైపోయింది. చివరికి 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధే 124 మరణాలను ఈ లోపం ఖాతాలో వేసింది. 2015లో అమెరికా న్యాయశాఖతో రాజీకి కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించింది. డాలరు ఖరీదు కూడా లేని భాగాన్ని సకాలంలో మార్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

మన దగ్గర సంగతి

మన దేశంలో చాలాకాలం రీకాల్ గురించి ప్రత్యేకంగా చట్టమే లేదు. 2012 జూలైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద నియమావళి ఒకటి తెచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చారు. లోపం వల్ల పర్యావరణానికి గానీ, బండిలో ఉన్నవారికి గానీ, రోడ్డు మీద పోయేవారికి గానీ హాని ఉందని తేలితే, ఆ మోడల్ బండ్లను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు. దీనికి సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కంపెనీ తనంతట తానే లోపాన్ని ఒప్పుకుని రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదు. ఇది మంచి ఏర్పాటు.

ఈ మధ్య స్వచ్ఛంద రీకాల్‌లు పెరిగాయి. 2023 జూలైలో స్టీరింగ్ టై రాడ్‌లో లోపం ఉండవచ్చని మారుతీ సుజుకీ ఎస్‌ప్రెస్సో, ఈకో మోడళ్లకు చెందిన 87,599 బండ్లను వెనక్కి పిలిచింది. ఈకో వ్యాన్ అంటే మన ఊళ్లలో పిల్లల్ని స్కూలుకు తీసుకొచ్చే బండి అని మీకు వేరే చెప్పక్కర్లేదు. రీకాల్ చేసిన కంపెనీని చూసి 'ఈ బండ్లు మంచివి కావు' అని ముఖం తిప్పుకోవద్దు. లోపం ఒప్పుకున్న కంపెనీని మెచ్చుకుందాం, దాచిన కంపెనీని నిలదీద్దాం.

అయితే అన్నిసార్లూ కంపెనీలు ముందుగా మేలుకోవు. 2022 ఏప్రిల్ నెల మనకు గుర్తుండే ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. కొద్ది రోజులకే విజయవాడలో అలాగే ఇంట్లో బ్యాటరీ పేలి ఒక వ్యక్తి ప్రాణాలు పోయాయి, కుటుంబసభ్యులు గాయపడ్డారు. దేశంలో పలుచోట్ల స్కూటర్లు తగలబడ్డాయి. నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా వేస్తామని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ హెచ్చరించారు. ఆ నెలలోనే ఒకినావా 3,215, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించాయి. ఆ తర్వాతే బ్యాటరీ పరీక్షల ప్రమాణాలు కఠినం చేశారు. ప్రాణాలు పోయాక వచ్చే రీకాల్ ఎవరికి కావాలి?

చట్టం ఎక్కడ చిన్నబోతోంది?

మొదటిది, వయసు పరిమితి. మన నిబంధనలు ఏడేళ్ల లోపు బండ్లకే వర్తిస్తాయి. కానీ కొన్ని లోపాలు బండి పాతబడ్డాకే బయటపడతాయి. టకాటా ఎయిర్‌బ్యాగులే ఇందుకు సాక్ష్యం. జపాన్‌కు చెందిన ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు చెడిపోతుంది. అప్పుడు చిన్న ప్రమాదంలోనైనా లోపలి లోహపు డబ్బా పగిలి, ముక్కలు ముఖంలోకి, మెడలోకి దూసుకొస్తాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలిచారు. వేడి, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల కార్లకు అక్కడ తొలి ప్రాధాన్యం ఇచ్చారు. మన దేశంలో కూడా హోండా, టొయోటా వంటి కంపెనీలు ఈ ఎయిర్‌బ్యాగులను మార్చాయి. విశాఖ నుంచి నెల్లూరు దాకా తీరమంతా వేడి, ఉక్కపోతే కదా. ఎనిమిదో ఏట బయటపడే లోపానికి ఇక్కడ ఆదేశం ఎవరిస్తారు? అమెరికాలో కారు అమ్మిన 15 ఏళ్ల దాకా రీకాల్ మరమ్మతు ఉచితం. మన పరిమితిని కూడా అలాగే పెంచాలి.

రెండోది, జరిమానా. ప్రభుత్వం ఆదేశిస్తే తప్ప కదలని కంపెనీకి బండి రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. చట్టాన్నే ధిక్కరిస్తే 100 కోట్ల వరకూ జరిమానా, ఏడాది వరకూ జైలు ఉన్నాయి. కానీ ఆలస్యం చేసినందుకు పడే ఆ కోటి, 10 లక్షల కార్లు పది అమ్మితే వచ్చే సొమ్ము. లక్షల్లో బండ్లు అమ్మే కంపెనీకి అది దెబ్బే కాదు. జరిమానా బండికి ఇంత అని లెక్కగట్టాలి. అప్పుడే దాచడం కన్నా చెప్పడం చౌక అవుతుంది.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది, లెక్క. ఎన్ని బండ్లు వెనక్కి పిలిచారో పేపర్లో వస్తుంది. వాటిలో ఎన్ని నిజంగా బాగుపడ్డాయో రాదు. అమెరికాలో కంపెనీలు ఈ లెక్కను మూడు నెలలకోసారి ప్రభుత్వానికి ఇవ్వాలి. ఇక్కడ కూడా ఆ లెక్క మోడల్ వారీగా ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి.

'మేం కబురు పెట్టాం, కస్టమర్లే రాలేదు' అని కంపెనీలు అంటాయి. కొంత నిజమే. కానీ బండి చేతులు మారితే కబురు పాత ఓనరుకే పోతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఆ సంగతే తెలియదు. ఇది తీర్చలేని సమస్య కాదు. సిగ్నల్ దాటితే మన ఫోన్‌కు చలానా మెసేజ్ వస్తోంది కదా? బండి ఎవరి పేరున ఉందో, ఫోన్ నంబరు ఏమిటో రవాణాశాఖ వాహన్ డేటాబేస్‌లో ఉంటుంది. మన తప్పుకు మెసేజ్ పంపగలిగిన వ్యవస్థ కంపెనీ తప్పు గురించి కూడా పంపగలదు. ఆర్సీ పేరు మార్చేటప్పుడు, ఫిట్‌నెస్ రెన్యువల్ చేసేటప్పుడు 'ఈ బండికి రీకాల్ పని మిగిలి ఉంది' అని కంప్యూటర్లో కనిపిస్తే చాలు, సగం సమస్య తీరుతుంది.

కోర్టు తలుపు మూసి లేదు

పెద్ద కంపెనీతో మనమేం గెలుస్తాం అనుకోకండి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని ఒక హ్యుందాయ్ క్రెటా ఓనరు వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వినియోగదారుడి పక్షాన తీర్పు ఇచ్చింది. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దుకుందో లెక్కగట్టడానికి కారు కొన్నవాడు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదని చెప్పింది. నష్టపరిహారంతో పాటు కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది. లోపం ఉన్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు పరిహారం చెల్లించాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రత్యేక అధ్యాయమే ఉంది.

ఈ నెలలో మీరు చేయాల్సినవి

1. ఆర్సీలో ఉన్న 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ లేదా సర్వీస్ క్యాంపెయిన్ పేజీలో కొట్టి చూడండి. కారుకే కాదు, స్కూటర్‌కు కూడా.

2. సెకండ్ హ్యాండ్ బండి అయితే సర్వీస్ సెంటర్‌లో మీ పేరు, ఫోన్ నంబరు నమోదు చేయించండి. వాహన్‌లో మీ ఫోన్ నంబరు సరిగా ఉందో చూసుకోండి.

3. రీకాల్ పని ఉచితం. జాబ్ కార్డు మీద 'రీకాల్ మరమ్మతు' అని రాయించి కాపీ దాచుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవారికి అది ఇవ్వండి.

4. లోపం కనిపిస్తే సర్వీస్ సెంటర్‌లో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. రవాణాశాఖ వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో ఫిర్యాదు చేయండి. ఏ మోడల్‌పై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నదాన్ని బట్టే విచారణ మొదలవుతుంది కాబట్టి మీ ఒక్క ఫిర్యాదుకూ విలువ ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయవచ్చు.

5. మీ పిల్లల్ని తీసుకొచ్చే ఆటో అన్న, వ్యాన్ డ్రైవరు అన్న బండి నంబరు కూడా చూసి పెట్టండి. వాళ్లకు ఈ వెబ్‌సైట్‌లు వెతికే తీరిక ఉండదు.

మన స్కూలు యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. ఏటా వేసవి సెలవుల్లో బస్సులకు ఫిట్‌నెస్ పరీక్ష చేయిస్తారు. ఆ రోజు బస్సు ఎలా ఉందో అందులో తెలుస్తుంది గానీ, తయారీ లోపం తేలకపోవచ్చు. కాబట్టి ప్రతి బస్సు ఛాసిస్ నంబరును కంపెనీతో సరిచూసి, 'రీకాల్ పని ఏదీ మిగిలి లేదు' అన్న లేఖ తీసుకుని, బస్సు రూట్ నంబర్లతో పాటు నోటీసు బోర్డులో పెట్టండి. వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల తర్వాత మేం అడగబోయే మొదటి ప్రశ్న ఇదే.

(రచయిత మన స్కూలు 6వ తరగతి విద్యార్థిని తండ్రి. వ్యాసంలోని అభిప్రాయాలు ఆయన వ్యక్తిగతం.)