చీమే కదా అని...

హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇంట్లోకి వెళ్లినప్పుడు ఓసారి స్టాండ్ల కాళ్ల వైపు చూడండి. ఒక్కో కాలి కింద ఒక్కో నీళ్ల గిన్నె ఉంటుంది. అదంతా చీమల భయం!

ఒక్క చీమ తట్టలోకి చేరిందా, తిరిగి వెళ్తూ దారంతా వాసన గీత వదులుతుంది. ఆ గీత పట్టుకుని మిగతా దండు వచ్చేస్తుంది. మెత్తటి పురుగులు వాటికి విందు భోజనమే. పోనీ మందు చల్లుదామంటే చీమలతోపాటు పట్టుపురుగులూ పోతాయి. ఇక నీళ్ల గిన్నే దిక్కు.

అక్కణ్నుంచి రైలెక్కి పెనుకొండలో దిగితే చీమ మరో రకంగా కనిపిస్తుంది. ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో పొలం గట్ల మీద, బీళ్లలో చిన్న కన్నం చుట్టూ పొట్టు గుండ్రంగా పోసి ఉంటుంది. గింజలు దాచుకునే చీమల ఇల్లది. గడ్డి గింజలు ఏరుకొచ్చి, లోపలి గదుల్లో నింపి, పొట్టు బయట పారబోస్తాయి. వానకు గింజలు తడిస్తే పైకి మోసుకొచ్చి ఎండబెట్టుకుంటాయి. అచ్చం కల్లంలో మన రైతులాగే! అన్నట్టు, ఈ పని చేసేవన్నీ ఆడచీమలే.

నాగుల చవితికి పాలు పోసే పెద్ద పుట్టలు మాత్రం చీమలవి కావు. వాటిని కట్టేది చెదలు. చూడ్డానికి చీమల్లా ఉన్నా అవి బొద్దింకలకు చుట్టాలు.

ఇంకాస్త ముందుకెళ్తే ధర్మవరం. ఇక్కడి వేరుశనగ రైతుకు రెండు రకాల చీమలతో పని. ఒకటి మట్టిలోనే బతికే డోరిలస్ అనే ఎర్రచీమ. దానికి కళ్లుండవు. అయినా కాయకు చిల్లుపెట్టి గింజ తినేస్తుంది. తవ్వి చూస్తేగానీ నష్టం తెలీదు. రెండోది మొక్కల మీద పాకే నల్లచీమ. అది ఆకు జోలికి పోదు. పేనుబంక కార్చే తీపి జిగురు కోసం వస్తుంది. ఆ జిగురు కోసమే పేనుబంకను అక్షింతల పురుగులు తినకుండా కాపలా కూడా కాస్తుంది. కాబట్టి నల్లచీమల బారు కనిపిస్తే ఆకు తిప్పి చూడాలి. అసలు దొంగ అక్కడుంటుంది.

ఇన్ని తంటాలెందుకు, చేలో చీమలన్నింటినీ చంపేస్తే పోలా? ఆ పని చేసి చూశారు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు. వానలు తక్కువ పడే గోధుమ పొలాల్లో కొన్ని మడుల నుంచి చీమల్ని, చెదల్ని తొలగించారు. అవి ఉన్న మడుల్లోనే దిగుబడి 36 శాతం ఎక్కువొచ్చిందని 2011లో ప్రకటించారు. అవి తవ్విన సొరంగాల్లోంచి వాననీరు లోపలికి ఇంకింది. నేలలో నత్రజనీ పెరిగింది.

అక్కడి పంట వేరు, నేల వేరు. కానీ చినుకు విలువ సీమ రైతుకు ఒకరు చెప్పాలా? మన దేశంలో 800కు పైగా చీమల రకాలున్నాయి. కన్నం కనిపించగానే పొడి చల్లేయకుండా, అది ఏ చీమో ఒక్క నిమిషం కూర్చుని చూడండి. మీ చేలో వాన నీటికి దారి తవ్వుతున్నది అదేనేమో!